తాతగారికీ మనవరాలికీ ఒకే ఫోన్: ప్రకటనల బెడద లేని ఆటలు, యాప్‌లు ఏవి?

కృష్ణాతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పల్నాడులోని మా ఊళ్లో ఉంటున్న నాన్నగారి కోసం, వేసవి సెలవులకు ఆయన దగ్గరికి వెళ్లబోతున్న మా అమ్మాయి కోసం ఫోన్‌లో కొన్ని ఆటలు, నేర్చుకోవడానికి పనికొచ్చే ఒకటి రెండు యాప్‌లు ఎంచి పెట్టాలనుకుంటున్నాను. నాన్నగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే పేపరు రాగానే సుడోకు గళ్లు నింపందే మరో పని ముట్టుకోరు. అమ్మాయి ఐదో తరగతి పూర్తిచేసింది. చదరంగంలో పావుల నడక తెలుసు, పిట్టలంటే ప్రాణం. ఇద్దరికీ కలిపి ఉన్నది 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ గల ఒక పాత ఆండ్రాయిడ్ ఫోన్. ఆ ఇంట్లో సిగ్నల్ డాబా ఎక్కితే తప్ప అందదు.

ఇప్పటికే ఆ ఫోన్‌లో ఒక సుడోకు ఆట ఉంది. ఒక్కో పజిల్ పూర్తికాగానే ఒక వీడియో ప్రకటన మొదలవుతుంది. దాన్ని మూసే గుర్తు తెర మూలన ఆవగింజంత ఉంటుంది. వేలు కాస్త పక్కకు తగిలితే ప్లే స్టోర్ తెరుచుకుని ఇంకేదో ఆట దించుకోమంటుంది. కంటి ఆపరేషన్ అయిన డెబ్బై ఏళ్ల మనిషికి ఇది ఎంత చికాకో మీకు వేరే చెప్పనక్కరలేదు. పైగా ఆ ప్రకటనల్లో సగం డబ్బు పెట్టి ఆడే ఆటలవే, వాటిని పదేళ్ల పిల్ల చూడటం నాకు ఇష్టం లేదు. "టాప్ టెన్" జాబితాలు చాలా చదివాను కానీ, అవి రాసినవారు ఆ ఆటలను నిజంగా ఆడి చూశారన్న నమ్మకం కలగలేదు. మీలో ఎవరైనా స్వయంగా వాడి, ఇంట్లో పెద్దవాళ్లకో పిల్లలకో ఇచ్చి చూసినవి ఉంటే చెప్పండి. అలాగే, ఒక ఆటను మరొకరికి సూచించే ముందు మీరు దాన్ని ఎలా పరీక్షిస్తారో కూడా తెలుసుకోవాలని ఉంది.

గళ్లనుడి ఇచ్చిన జవాబు

కృష్ణాతీరం గారూ, మీ నాన్నగారి విషయంలో నేను తడుముకోకుండా చెప్పగలిగే పేరు ఒకటుంది. అది సైమన్ టాథమ్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ రూపొందించిన పజిళ్ల సంకలనం. కంప్యూటర్ సర్వర్లతో పనిచేసేవారికి ఆయన 'పుటీ' అనే ప్రోగ్రామ్ ద్వారా ఎప్పటినుంచో తెలిసినవారే. ప్లే స్టోర్‌లో ఆయన పేరుతో వెతికితే ఈ సంకలనం దొరుకుతుంది, ఉచిత ఓపెన్ సోర్స్ యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్‌లో కూడా ఉంది. దాదాపు 40 రకాల పజిళ్లున్న ఈ యాప్‌లో ప్రకటనలు లేవు, లోపల కొనవలసినదేమీ లేదు, ఖాతా తెరవమని అడగదు, ఆడటానికి ఇంటర్నెట్ అక్కరలేదు. దీని సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది కాబట్టి లోపల ఏం జరుగుతున్నదో తెలిసినవాళ్లెవరైనా తెరిచి చూసుకోవచ్చు. చాలా చిన్న యాప్ కావడం వల్ల మీ ఫోన్ స్టోరేజ్‌కు భారం కాదు.

సుడోకుకు ఇందులో పేరు 'సోలో'. మెనూలో కఠినతను ఎంచుకోవచ్చు. అన్నిటికన్నా పైనున్న 'అన్‌రీజనబుల్' స్థాయిలో తర్కం ఒక్కటే సరిపోక, ఒక అంకెను ఊహించి వేసి, అది కుదరకపోతే వెనక్కి రావలసి వస్తుంది. పేపరు సుడోకుకు అలవాటుపడినవారికి ఆ పద్ధతి రుచించకపోవచ్చు కాబట్టి దానికి ఒక మెట్టు కింద ఉన్న 'ఎక్స్‌ట్రీమ్' దగ్గర ఆగమని చెప్పండి. లెక్కల మాస్టారు గనుక 'కిల్లర్' రకం ఆయనకు తప్పక నచ్చుతుందని నా నమ్మకం. అందులో కొన్ని గళ్లను కలిపి ఒక గుంపుగా గీసి, ఆ గుంపులోని అంకెల మొత్తం ఎంత రావాలో మాత్రమే ఇస్తారు. రెండు గళ్ల మొత్తం 17 అని ఉంటే అవి 8, 9 తప్ప మరొకటి కావడానికి వీల్లేదు. మొత్తం 10 అని ఉంటే మాత్రం చుట్టుపక్కల గళ్లన్నీ గాలించాలి.

ఈ సంకలనంపై నాకు గౌరవం పెరగడానికి కారణం ఇందులోని 'మైన్స్'. పాత విండోస్ కంప్యూటర్లలో మందుపాతరల ఆట (మైన్‌స్వీపర్) ఆడినవారికి గుర్తుండే ఉంటుంది, అంతా సరిగ్గా ఆలోచించి చివరికి వచ్చాక రెండు గళ్ల మధ్య బొమ్మా బొరుసూ వేసుకోవలసి వచ్చేది. ఇక్కడ మీరు మొదటి గడి నొక్కాకే, అక్కడినుంచి ఊహతో పనిలేకుండా చివరిదాకా వెళ్లగలిగే విధంగా పలక తయారవుతుంది. ఓడితే ఆ తప్పు మన ఆలోచనదే. ఆడేవారి పట్ల ఇంత న్యాయంగా ఉండటానికి ఒక ప్రోగ్రామర్ ఎంత శ్రమపడి ఉంటారో ఆలోచించండి. మీ అమ్మాయికైతే 'అన్‌టాంగిల్' చూపించండి. చుక్కలను కలిపే గీతలు చిక్కుపడి ఉంటాయి. చుక్కలను పక్కలకు లాగుతూ, ఏ గీతా మరో గీతను దాటకుండా విడదీయాలి. ముగ్గులు వేసే చేతికి ఆ ఆట ఇట్టే పట్టుబడుతుంది.

ఇక పరీక్షించే పద్ధతి. ప్లే స్టోర్‌లో యాప్ పేరు కిందనే ప్రకటనలు ఉన్నాయా, యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయా అన్నది చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. ఇన్‌స్టాల్ బటన్ మీద వేలు పడే ముందు కన్ను అక్కడ పడాలి. వెతికినప్పుడు అన్నిటికన్నా పైన కనిపించేది చాలాసార్లు డబ్బు చెల్లించి పెట్టించుకున్న ప్రకటన, మనం వెతికిన యాప్ దాని కింద ఎక్కడో ఉంటుంది. రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా మార్చుకుని, మూడు నక్షత్రాలు ఇచ్చినవారి మాటలు చదవండి. ఐదు ఇచ్చినవారు పొగడ్తతో సరిపెడతారు, ఒకటి ఇచ్చినవారు కోపంలో ఉంటారు, మూడు ఇచ్చినవారే బాగున్నదీ బాగులేనిదీ రెండూ చెబుతారు. యాప్ మన సమాచారాన్ని ఏం చేస్తుందో చెప్పే 'డేటా సేఫ్టీ' విభాగం 2022 నుంచి కనిపిస్తున్నది. అయితే అందులోని వివరాలు యాప్ తయారుచేసినవారు తమంతట తాము ఇచ్చుకున్నవేనని గుర్తుంచుకోవాలి. చివరగా ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఆడి చూస్తాను. సిగ్నల్ లేని ఇంటికి ఆ పరీక్ష తప్పనిసరి.

హనుమకొండ బంటు ఇచ్చిన జవాబు

చదరంగానికి లీచెస్ అనే యాప్ చాలు, ఇంకొకటి వెతకనక్కరలేదన్నది నా అభిప్రాయం. తిబో డుప్లెస్సి అనే ఫ్రెంచ్ ప్రోగ్రామర్ 2010లో మొదలుపెట్టిన ఈ వేదిక ఇప్పుడు లాభాపేక్ష లేని సంస్థగా, విరాళాలతో నడుస్తున్నది. ప్రకటనలు లేవు, డబ్బు కట్టినవారికి మాత్రమే తెరుచుకునే తలుపులూ లేవు. విరాళం ఇచ్చినవారికి పేరు పక్కన ఒక చిన్న రెక్క గుర్తు వస్తుంది, అంతే. మరో చదరంగ వేదిక అయిన చెస్ డాట్ కామ్‌లో పాఠాలు ఇంకా పద్ధతిగా, పిల్లలను ఆకట్టుకునేలా ఉంటాయని ఒప్పుకుంటాను. కానీ ఉచిత సభ్యులకు అక్కడ ప్రకటనలు వస్తాయి, పజిళ్లకూ ఆటల విశ్లేషణకూ రోజువారీ పరిమితి ఉంటుంది. మీ అవసరానికి అది సరిపడదు.

సిగ్నల్ లేకపోయినా లీచెస్‌లో స్టాక్‌ఫిష్ ఇంజిన్‌తో, అంటే చదరంగం ఆడే ప్రోగ్రామ్‌తో, ఆడుకోవచ్చు. 1 నుంచి 8 వరకు స్థాయిలున్నాయి. పావుల నడక మాత్రమే తెలిసిన పిల్లకు ఒకటో స్థాయి కూడా మొదట్లో గట్టిగానే అనిపించవచ్చు, అప్పుడు తాతగారే ఎదురుగా కూర్చోవడం మేలు. ఒకే ఫోన్‌ను బల్లమీద పెట్టి ఇద్దరు ఎదురెదురుగా ఆడుకునే ఏర్పాటు కూడా యాప్‌లో ఉంది. ఖాతా తెరిస్తే సెట్టింగ్స్‌లో 'కిడ్ మోడ్' పెట్టండి. ముక్కూ మొహం తెలియనివారినుంచి సందేశాలు రాకుండా అది ఆపుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఏమిటంటే, ఆడటం కన్నా ఆడిన ఆటను తిరిగి చూసుకోవడం నేర్పండి. ఆట ముగిశాక విశ్లేషణ తెరిచి, ఎత్తు తర్వాత ఎత్తు ముందుకు జరుపుతూ పోతే, ఎవరిది పైచేయో చూపే గీత ఒక్కసారిగా తిరగబడే చోటు కనిపిస్తుంది. అక్కడ ఆగి, ఇంజిన్ చెప్పే జవాబు చూడకముందే "ఇక్కడ నువ్వైతే ఏం ఆడేదానివి?" అని తాతగారు అడిగితే, ఆ ఒక్క ప్రశ్న నాలుగు పాఠాల పెట్టు. డాబా మీద సిగ్నల్ అందినప్పుడు పెద్ద టోర్నమెంట్ల ప్రత్యక్ష ప్రసారాలను కూడా ఇదే యాప్‌లో చూడవచ్చు. 2019లోనూ 2024లోనూ మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చదరంగం) విజేతగా నిలిచిన కోనేరు హంపి ఆటలు, 2024 డిసెంబరులో 2800 రేటింగ్ దాటిన మా వరంగల్ అర్జున్ ఎరిగైసి ఆటలు మీ అమ్మాయి చేత ఒక్కొక్క ఎత్తే నడిపించి చూపించండి. మన భాష మాట్లాడేవాళ్లు ఆ పలకల ముందు కూర్చున్నారని తెలిస్తే పిల్లల చూపే మారిపోతుంది.

రాత్రిబస్సు ఇచ్చిన జవాబు

గళ్లనుడి గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే, ఏరోప్లేన్ మోడ్ పరీక్ష గురించి ఒక హెచ్చరిక చేయదలచుకున్నాను. సిగ్నల్ లేనప్పుడు ప్రకటనలు రాకపోవడాన్ని, అసలు ప్రకటనలే లేవనడానికి రుజువుగా తీసుకోకూడదు. డేటా ఆన్ చేసిన మరుక్షణం అవన్నీ వరుసకడతాయి. కాబట్టి డేటా ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి, రెండు విధాలా ఆడి చూడాలి.

దీనికన్నా పెద్ద చిక్కు మరొకటుంది. చాలా ఉచిత ఆటలు మొదటి ఇరవై ముప్పై మెట్లు నున్నగా సాగిపోతాయి. రివ్యూలు రాసేవారిలో చాలామంది ఆ దశలోనే రాసేస్తారు. ఆ తర్వాతే ఆట బిగుసుకుంటుంది. ప్రాణాలు (ఆడే అవకాశాలు) అయిపోతాయి, ఎదురుచూడాలి, లేదా కొనుక్కోవాలి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌నే తీసుకోండి. ఐదు ప్రాణాలు అయిపోతే ఒక్కోటి తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఆ ఎదురుచూపే ఆ వ్యాపారానికి ఆయువుపట్టు. ఆటలో నేర్పు ఎక్కడ ముగిసి సహనానికి పరీక్ష ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకా ఆడి చూడకుండా దేన్నీ ఎవరికీ సూచించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

నా ఎంపిక మినీ మెట్రో. న్యూజిలాండ్‌కు చెందిన డైనోసార్ పోలో క్లబ్ అనే బృందం చేసిన ఈ ఆట ఉచితం కాదు, కానీ ఒకసారి కొంటే మళ్లీ చెయ్యి చాపదు. తెల్లని పటం మీద వృత్తం, త్రిభుజం, చతురస్రం ఆకారాల్లో స్టేషన్లు ఒక్కొక్కటే పుట్టుకొస్తాయి. వేలితో గీత గీసి వాటిని కలిపితే అదే రైలు మార్గం. త్రిభుజం గుర్తున్న ప్రయాణికుడు ఏదో ఒక త్రిభుజం స్టేషన్‌కు చేరాలి. ఆటలో ఒక వారం గడిచేసరికి కొత్త రైలు ఇంజిన్‌తో పాటు సొరంగమో, అదనపు బోగీయో, కొత్త మార్గమో మనం ఎంచుకోవాలి. ఏదో ఒక స్టేషన్‌లో జనం కిక్కిరిసి సమయం మించిపోతే ఆట ముగుస్తుంది. ఆట తనంతట తాను ముగుస్తుంది కాబట్టి, ఫోన్ తిరిగి ఇవ్వమని పిల్లలతో పేచీ పడవలసిన అవసరం తగ్గుతుంది. వరసగా వృత్తం స్టేషన్లనే ఒకే గీత మీద కలపకూడదన్న కిటుకును మీ అమ్మాయి తానే కనిపెట్టేదాకా దయచేసి చెప్పకండి.

కృష్ణాతీరం మళ్లీ రాసిన ప్రశ్న

ముగ్గురికీ కృతజ్ఞతలు. టాథమ్ సంకలనం నా ఫోన్‌లో వేసి చూశాను. 'కిల్లర్' దగ్గర నాకే సమయం తెలియలేదు, ఇక నాన్నగారి సంగతి చెప్పేదేముంది. రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, డబ్బు పెట్టి కొనే ఆట వేస్తే ఆ ఫోన్‌కు నా ఖాతా కలపవలసి వస్తుంది కదా, తెలియక ఎవరైనా ఇంకేదైనా కొనేస్తే ఎలా? రెండవది, నాన్నగారి స్నేహితులు వాట్సాప్‌లో రమ్మీ యాప్‌ల లింకులు పంపుతుంటారు. ఆయనకు పేకాట మీద మోజు లేదు కానీ, లింకు కనిపిస్తే నొక్కే అలవాటు ఉంది.

రాత్రిబస్సు ఇచ్చిన జవాబు

మొదటి సందేహానికి చెబుతాను. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనుగోలు ధ్రువీకరణ అనే అంశం ఉంది. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డో వేలిముద్రో అడిగేలా దాన్ని మార్చండి. వేలిముద్ర ఎంచుకుంటే మాత్రం ఆ ఫోన్‌లో ఎవరెవరి వేళ్లు నమోదై ఉన్నాయో ముందు చూసుకోవాలి. లేకపోతే తాళం వేసి తాళంచెవి గుమ్మంలోనే ఉంచినట్టు. కొన్న ఆట నచ్చకపోతే 48 గంటల లోపు గూగుల్ ప్లే ద్వారానే డబ్బు వాపసు అడగవచ్చు, ఆ గడువు దాటితే ఆట తయారుచేసినవారినే అడగాలి. చాలామందికి తెలియని విషయం మరొకటి, యాప్‌ను తీసేసినంత మాత్రాన దాని నెలవారీ చందా ఆగిపోదు. ప్లే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీకి వెళ్లి విడిగా రద్దు చేయాలి. నాన్నగారి ఫోన్ చేతికి రాగానే మొదట ఆ పేజీ తెరిచి చూడండి.

గళ్లనుడి ఇచ్చిన జవాబు

రమ్మీ లింకుల విషయం తేలిగ్గా తీసుకోకండి. డబ్బు పందెం పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. దేశమంతటికీ వర్తించే చట్టాన్ని 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించగా, 22న రాష్ట్రపతి సమ్మతి లభించింది. అలాంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఆ చట్టంలో ఉన్నాయి. ప్రకటనలు ఇచ్చేవారికి కూడా శిక్షలున్నాయి, ఆడేవారిని మాత్రం నేరస్థులుగా చూడలేదు. వాట్సాప్‌లో తిరిగే లింకులు చాలావరకు ప్లే స్టోర్‌కు కాకుండా ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలుకు నేరుగా తీసుకెళతాయి. సెట్టింగ్స్‌లో 'తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం' అనే చోటికి వెళ్లి, వాట్సాప్‌కూ బ్రౌజర్‌కూ ఉన్న అనుమతి తీసేయండి. అప్పుడు పొరపాటున లింకు నొక్కినా ఫైలు దిగుతుందేమో గాని, ఇన్‌స్టాల్ కావడానికి ఫోన్ అడ్డుచెబుతుంది. హానికరమైన యాప్‌లను పసిగట్టే ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో కూడా ప్లే స్టోర్‌లో చూడండి.

పాలపిట్ట ఇచ్చిన జవాబు

పిట్టల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల ఉచితంగా అందిస్తున్న, పిట్టలను గుర్తుపట్టే యాప్ మెర్లిన్ బర్డ్ ఐడీ వేయండి. ప్రకటనలు ఉండవు. మన ప్రాంతపు పక్షుల ప్యాక్‌ను ఊరికి వెళ్లే ముందే వైఫై దగ్గర దించుకోవాలి. అది కొంత పెద్దదే కాబట్టి ముందుగా వాట్సాప్ వీడియోలు తీసేసి చోటు చేసుకోండి. ఆ తర్వాత సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది.

ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, ఎంత పెద్దది, ఏ రంగులు, ఏం చేస్తోంది అనే ఐదు ప్రశ్నలకు జవాబిస్తే అయి ఉండగల పక్షుల ఫొటోలు చూపిస్తుంది. కూతను బట్టి గుర్తించే సౌకర్యం 2021లో వచ్చింది. ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడితే, వినిపించే కూత తెర మీద అలలుగా కదులుతూ, గుర్తుపట్టిన పిట్ట పేరు కింద చేరుతుంది. అదే పిట్ట మళ్లీ కూసినప్పుడల్లా ఆ పేరు వెలుగుతుంది. మైక్ అనుమతి దీనికి నిజంగా అవసరం, కాబట్టి 'యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకోండి. నా అనుభవంలో కోయిల, గోరింక, పికిలిపిట్ట విషయంలో ఇది దాదాపు తడబడదు. అయితే రెండు మూడు గొంతులు కలిసినప్పుడు లేని పిట్టను ఉన్నదంటుంది. అందుకే కళ్లతో చూడనిదే నోటుపుస్తకంలో రాసుకోవద్దని మా పిల్లలకు చెబుతాను, పక్షులను గమనించడంలో అసలు శిక్షణ అదే.

దీనికి తోడుగా, ఇంటర్నెట్ లేకుండా వికీపీడియా చదవనిచ్చే కివిక్స్ అనే యాప్ వేసి, అందులో తెలుగు వికీపీడియాను దించి పెట్టండి. బొమ్మలు లేని రూపం ఎంచుకుంటే తక్కువ చోటు పడుతుంది. పిట్ట పేరు తెలిశాక దాని గురించి తెలుగులో చదువుకోవడానికి డాబా ఎక్కనక్కరలేదు. తాతగారికి కూడా ఇది మంచి కాలక్షేపం, నా దృష్టిలో ఈ జాబితాలో అన్నిటికన్నా విలువైన యాప్ ఇదే.

కృష్ణాతీరం మళ్లీ రాసిన ప్రశ్న

పాలపిట్ట గారూ, మెర్లిన్, కివిక్స్ రెండూ తప్పకుండా వేస్తాను. చివరగా ఒక చిన్న సందేహం. అమ్మాయి చేతికి ఫోన్ ఇచ్చినప్పుడు ఆట ఒక్కటే కనిపించి, నాన్నగారి సందేశాలు, బ్యాంకు యాప్ తెరుచుకోకుండా చేయవచ్చా?

హనుమకొండ బంటు ఇచ్చిన జవాబు

చేయవచ్చు. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగం కింద 'యాప్ పిన్నింగ్' లేదా 'స్క్రీన్ పిన్నింగ్' అని ఉంటుంది. కంపెనీని బట్టి చోటు కాస్త మారుతుంది కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతుకు పెట్టెలో 'పిన్' అని కొట్టండి. దాన్ని ఆన్ చేసి, విడిపించేటప్పుడు పిన్ నంబరు అడగాలన్న ఎంపికను కూడా పెట్టండి. తర్వాత ఆట తెరిచి, ఇటీవలి యాప్‌ల తెరకు వెళ్లి, దాని గుర్తు మీద నొక్కితే పిన్ చేసే ఎంపిక వస్తుంది. ఇక నంబరు కొట్టేదాకా ఆ ఆట నుంచి బయటికి రావడం కుదరదు. విడిపించడానికి కింద మూడు బటన్లున్న ఫోన్లలో వెనక్కి వెళ్లే బటన్‌నూ ఇటీవలి యాప్‌ల బటన్‌నూ కలిపి నొక్కి పట్టుకోవాలి, బటన్లు లేని ఫోన్లలో తెర అడుగు నుంచి పైకి జరిపి పట్టుకోవాలి. ఈ చివరి పని మీ నాన్నగారి చేత మీ ముందే ఒకటికి రెండుసార్లు చేయించండి. ఫోన్ మోగినప్పుడు ఆట నుంచి బయటపడలేక ఆయన కంగారుపడకూడదు.